వాకిటి కన్ను

మన పెద్దలు గృహప్రవేశము కాగానే వాకిటి కప్పునకు బూడిదగుమ్మడికాయ కట్టెడివారు. నలుగురి దృష్టి ఇంటిమీద పడకుండుటకు అది ఉపాయము. నేడును బళ్లారిలోని తెలుగు ఇండ్లలో ఆ గుమ్మడికాయ వ్రేలాడుచునే యున్నది. కాని దానికి జానెడు దూరములో ఒక చిన్న తెల్లని డబ్బా వచ్చి చేరినది. అందులో ఒక గాజుకన్ను. చీకటి పడగానే దానిచుట్టు చిన్న దీపములు మందముగా ఎఱ్ఱనగును. మొదటిది పరుల చూపు మనమీద పడకుండ కట్టినది. రెండవది మన చూపు పరులమీద పడుటకు బిగించినది. ఒకే గుమ్మమున ఈ రెండింటిని చూచినవారికి ఒక ప్రశ్న తోపకమానదు. పరుల చూపు మనకు కీడని తలచిన మనము, మన చూపు పరులకు కీడు కాదని ఎట్లు నిశ్చయించుకొంటిమి?

ఈ ప్రశ్న వేయుటచే మేము కెమెరాను నిందించుచున్నామని పాఠకులు తలపవలదు. దాని అవసరము నిజమైనది. మన కుటుంబములలో పిల్లలు బెంగుళూరునకో హైదరాబాదునకో, అంతకంటె దూరముగా అమెరికాకో వెళ్లిపోయిరి. ఇంట మిగిలినవారు వృద్ధదంపతులు, ఒక్కొక్కచోట ఒంటరి తల్లి. పెండ్లికో కర్మకో సరిహద్దు దాటి గుంతకల్లుకు, ఆదోనికి, రాయదుర్గమునకు పోవలసివచ్చినప్పుడు ఇంటికి తాళము పడును. తాళము వేసిన యిల్లు దొంగకు ఆహ్వానపత్రిక. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఈ విషయము గ్రహించి, ఊరికి పోవువారు ముందుగా తెలిపినచో ఆ ఇంటిలో తాత్కాలికముగా కెమెరా అమర్చి తామే కనిపెట్టియుండు ఏర్పాటు చేసిరి. ప్రజలు గుమిగూడు దుకాణములు, సంస్థలు కెమెరాలు పెట్టితీరవలెనని ఆంధ్రప్రదేశ్‌లో 2013లోను, కర్ణాటకములో 2017లోను చట్టములే వచ్చినవి. కావున పెట్టవచ్చునా అనునది ప్రశ్న కాదు. పెట్టిన కన్ను ఎక్కడ ఆగవలెను అనునదే ప్రశ్న.

మన ఊరి కోటను గూర్చిన కథ ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది. బళ్లారి గుట్టపై పై కోటను హండె హనుమప్ప నాయకుడు కట్టించెననియు, హైదరాలీ ఊరు గెలిచిన పిమ్మట ఒక ఫ్రెంచి ఇంజనీరుచేత దానిని బాగుచేయించి క్రింది కోట కట్టించెననియు చెప్పుదురు. పని ముగిసిన తరువాత హైదరాలీ చుట్టును పరికించి, ఎదుటనున్న కుంబార గుడ్డ కోటకంటె ఎత్తైనదని, అక్కడనుండి చూచువానికి కోటలోని గుట్టు అంతయు తెలియుననియు కనుగొని, కోపముతో ఆ ఇంజనీరును తూర్పు వాకిటియొద్ద ఉరితీయించెనట. ఇది జనశ్రుతి, చరిత్రకారులు దీనిని ఎంతవరకు అంగీకరింతురో వారికే వదలుదము. కాని కథను ఇన్ని తరములు నిలిపిన భావము గమనింపదగినది. గోడ ఎంత దళముగానున్నను, పైనుండి చూడగలవాడు ఉన్నంతకాలము అది గోడ కాదు. ఈ బాధ కోట కట్టుకొన్న నవాబునకు మాత్రమే పరిమితమైనది కాదు. మిద్దెమీద వడియములు ఎండబెట్టుకొను ఇల్లాలికిని అది ఉన్నది. ఎదుటి మిద్దె పిట్టగోడకు కెమెరా బిగించినవాడు ఆమెకు కుంబార గుడ్డయే.

మిద్దె మాట ఊరక తేలేదు. మన సీమలో మిద్దె కేవలము పైకప్పు కాదు. వేసవి రాత్రులందు ఇంటిల్లిపాదియు అచ్చటనే పక్కలు వేసికొందురు. మిరపకాయలు ఎండబోయుట, తల ఆరబెట్టుకొనుట, కోడలు పుట్టింటివారితో సెల్‌ఫోనున గుసగుసలాడుట, ఇవియన్నియు అచ్చటనే. నాలుగు గోడలు లేకున్నను అది అంతఃపురమే. ఈ సంగతి మన పూర్వులకు మాత్రమే కాదు, ఇంగ్లీషు ప్రభుత్వమువారికిని తెలియును. 1882లో వచ్చిన భారత అనుభోగ హక్కుల చట్టము మొట్టమొదట అమలైన ప్రాంతములలో మద్రాసు రాజధాని యొకటి. బళ్లారి నాడు ఆ రాజధానిలోనిదే. ఆ చట్టమున 18వ సెక్షను ఆచారమువలన కలుగు హక్కులను చెప్పుచు ఒక ఉదాహరణ నిచ్చినది. ఏ పట్టణములోనైన పొరుగువాని మరుగునకు భంగము కలుగునట్లు క్రొత్త కిటికీ తెరవరాదను ఆచారమున్నచో, సాధారణముగా పరుల కంటబడని భాగములు కనబడునట్లు కిటికీ పెట్టకుండ ఆపుటకు పొరుగువానికి హక్కు కలుగునని దాని భావము. కిటికీ అయినచో దానివెనుక ఎవరో నిలిచినప్పుడే చూచును. నిలిచినవాడు ఎదుటివారికి కనబడును, సిగ్గుపడి తొలగిపోవును. కెమెరా మూయబడని కిటికీ. దానివెనుక ఎవరున్నారో ఎన్నడును తెలియదు.

2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యమును నడపిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు ఒక చట్టమును చేసినది. అయితే ఒక వ్యక్తి తన సొంత పనికి, ఇంటి పనికి చేసికొను వ్యవహారమును అది తన పరిధినుండి విడిచిపెట్టినది. ఐరోపాలోను గృహకృత్యములకు ఇట్టి మినహాయింపు కలదు, కాని దాని హద్దు ఇరుకైనది. చెక్ దేశమున ఒక గృహస్థు ఇంటి కిటికీలను ఎవరో పలుమారులు పగులగొట్టగా అతడు కెమెరా పెట్టెను. దానిలో అనుమానితులు చిక్కిరి కూడ. అయినను ఆ కెమెరా వీథిని, ఎదుటింటి గుమ్మమును చూచుచున్నందున అది కేవలము గృహకృత్యము కాదనియు, సమాచార రక్షణ నియమములు దానికి వర్తించుననియు ఐరోపా న్యాయస్థానము 2014 డిసెంబరులో నిర్ణయించినది. అనగా దొంగను పట్టరాదని కాదు. న్యాయమైన అవసరమున్నప్పుడు ఆ నియమములే దారి యిచ్చును. ఇల్లు దాటిన చూపునకు జవాబుదారితనము కలదని మాత్రమే. 2021లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు న్యాయస్థానము ఇటువంటి ఇరుగుపొరుగు తగవులో మరియొక సంగతి చెప్పినది. ఇంటి కెమెరాలు దూరపు మాటలను గూడ పట్టుచున్నవనియు, బొమ్మకంటె ధ్వనియే ఎక్కువ ఆక్షేపణీయమనియు దాని తాత్పర్యము. అరుగుమీద కూర్చుండి మాటలాడు అలవాటు ఇంకను చావని మన వీథులకు ఈ మాట ఎంతగా తగునో వేరుగ చెప్పనక్కరలేదు.

మన చట్టము ఇంటివానిని చాలవరకు అతని మనస్సాక్షికే వదలినది. వదలినచోటనే ధర్మవిచారము మొదలగును.

పూర్వము మన గ్రామములలో తలారి యుండెడివాడు. రాత్రి ఊరు తిరుగుట, క్రొత్తవారిని కనిపెట్టుట, పంటకు కావలి కాయుట అతని పని. కల్లమున అతనికి మేర ముట్టుచుండెను. దత్తమండలములలో పాళెగాండ్రు గూడ కావలి పేరున రుసుము వసూలు చేసిరి. ఆ పద్ధతిలో దోపిడులు, దౌర్జన్యములు చాలనే జరిగినవి. దానిని పొగడుట మా ఉద్దేశము కాదు. కాని పాత కావలి పద్ధతిలో ఒక న్యాయసూత్రము ఇమిడియున్నది. రుసుము పుచ్చుకొన్నవాడు పోయిన సొత్తును పట్టియియ్యవలెను, లేదా నష్టమును తానే పూరింపవలెను. చూచుటతో అతని పని తీరలేదు. చూచినందుకు బాధ్యత కూడ అతని నెత్తిన పడినది. పైపెచ్చు అతడు ఊరివాడు. అతని కన్ను ఎవరిపై నిలిచినదో ఊరికి తెలియును, హద్దు మీరినచో నిలదీయవచ్చును.

కెమెరా కావలివాడు కాదు. దొంగ గోడ దూకుచుండగా అది కేక వేయుటకు, కఱ్ఱ యెత్తుటకు లేదు. ఈ కాలపు యంత్రములు సెల్‌ఫోనునకు ఒక హెచ్చరిక పంపగలవు, నిజమే. కాని పిల్లి పోయినను, కొమ్మ ఊగినను పంపి పంపి, నాలుగవనాటికి యజమానియే ఆ హెచ్చరికల నోరు నొక్కివేయును. తెల్లవారి తరువాత జరిగినది చెప్పుటయే దాని ముఖ్యమైన పని. అనగా అది సాక్షి. సాక్షి అను మాట మనకు చిన్నది కాదు. నన్నయ భారతమున దుష్యంతుడు తన్నెరుగనని బొంకినప్పుడు శకుంతల సూర్యచంద్రులను, వాయువును, పగటిని రాత్రిని, చేసినవాని హృదయమును సాక్షులుగా పేర్కొనును. ఆ సాక్షులకు కోరిక లేదు. ఎవరిని పట్టింపవలెనను ఆత్రము లేదు. చూచినదానిని చుట్టములకు పంపి నవ్వుకొనుట లేదు. అందుచేతనే వారి చూపు మనుష్యునికి అవమానము కాదు. మన వాకిటి కన్నునకు యజమాని యున్నాడు. అతనికి కోపతాపములున్నవి, పొరుగువానితో గోడతగవు ఉన్నది, వాట్సాపులో ఇరువదిమంది మిత్రులున్నారు. సాక్షిగా పెట్టినది చాడీకోరుగా మారుటకు ఒక్క వ్రేలు తాకిన చాలును.

నిజాయితీగా నుండువానికి కెమెరావలన భయమేమని కొందరందురు. ఈ వాదము మాకు రుచింపదు. స్నానపు గదికి తలుపు పెట్టుకొనుట లోపల తప్పు చేయుటకు కాదు. మరికొందరు, వీథి అందరిది, అరుగుమీద కూర్చున్నను కనబడునదే గదా, కెమెరా చూచిన తప్పేమి అందురు. ఇది కొంత బలమైన వాదము. మనుష్యుని చూపు మరచిపోవును. ఎదుటింటి అమ్మాయి ఏ వేళకు వచ్చినది, ఎవరి బండి దిగినది, ఒకసారి చూచినవానికి మరునాడు జ్ఞాపకముండదు. ఉన్నను వాడు నోరు తెరచినప్పుడు వాని మాటను నమ్మవచ్చును, నమ్మకపోవచ్చును. నెలదినములు ప్రతి రాకను, ప్రతి పోకను గంట నిమిషములతో దాచుకొన్నప్పుడు అది చూపు కాదు, దస్త్రము. వీథిలో నడచినవాడు మన కంటబడుటకు సమ్మతించినాడు గాని మన దస్త్రమునకు ఎక్కుటకు సమ్మతింపలేదు.

ఇక కెమెరా కొనుటలోని లౌక్యమునకు వత్తము. విచిత్రమేమనగా, ఈ విషయమున లౌక్యమును ధర్మమును చాలవరకు ఒకే దారిన నడచుచున్నవి. దుకాణమున సాధారణముగా చూపునది రెండు మెగాపిక్సెలు కెమెరా. దాని బొమ్మలో అడ్డముగా 1920 చుక్కలుండును. ముక్కు మొగము తెలియని మనిషిని బొమ్మలో స్పష్టముగా గుర్తింపవలెనన్నచో మీటరు వెడల్పునకు 250 చుక్కలుండవలెనని ఈ విద్యలోని ప్రమాణము. భాగించి చూచిన లెక్క తేలును: బొమ్మలో పట్టిన వెడల్పు ఏడు మీటర్ల ముప్పాతిక, అనగా 25 అడుగులు దాటినచో మొగములు మసకలే. అందరును అడుగు 2.8 మిల్లీమీటర్ల వెడల్పు కటకము పదడుగుల దూరముననే ఆ వెడల్పును అందుకొనును. ‘వీథి అంతయు కనబడుచున్నది’ అని అమ్మువాడు గొప్పగా చూపునది ఈ కటకమునే. వీథి కనబడును, దొంగ మొగము మాత్రము కనబడదు. గేటు ఇరువది అడుగుల దూరముననున్నచో 6 మిల్లీమీటర్ల కటకము పెట్టి దానిని గేటుపైననే నిలుపుట మేలు. వీథిపై ఆశ వదలుకొన్నవానికే తన గుమ్మము తేటగా కనబడును.

ఎత్తు తొమ్మిది పదడుగులకు మించినచో నెత్తులు, టోపీలు తప్ప మొగములు చిక్కవు. ఉదయాస్తమయముల ఎండ సూటిగా తగులు దిక్కు తప్పించవలెను. ఎండకును దుమ్మునకును బళ్లారి పెట్టినది పేరు. కావున దుమ్మును నీటిని ఆపు ఐ.పి. 66 గుర్తుగల డబ్బాను అడిగి తీసికొని, నెలకొకసారి మెత్తని గుడ్డతో అద్దము తుడిపించవలెను. సాలెపురుగు కెమెరాముందు గూడు అల్లినచో రాత్రి బొమ్మ అంతయు తెల్లని దారములే. కరెంటు పోయినప్పుడు పనిచేయుటకు చిన్న బ్యాటరీ ఏర్పాటు లేనిది ఈ ఖర్చంతయు వృథా.

ఒక సంగతి మాత్రము అమర్చువాడు తానై చెప్పడు, మనమే అడుగవలెను. చాల కెమెరాలలో బొమ్మలో కొంత భాగమును నల్లగా కప్పివేయు వసతి కలదు. ఎదుటివారి కిటికీ, ప్రక్కింటి మిద్దె మన బొమ్మలో తప్పనిసరిగా వచ్చునప్పుడు ఆ భాగమును కప్పిపెట్టవచ్చును. అప్పుడు యజమాని చూడదలచినను కనబడదు. ధ్వనిని పట్టు వసతిని ఆపివేయవచ్చును. ఎన్ని దినముల దృశ్యము దాచవలెనో నిర్ణయింపవచ్చును. ఇంటి అవసరమునకు వారము పదిదినములు చాలునని మా అభిప్రాయము, ఊరికి పోయినచో మరికొంత. ఈ మూడు పనులకును అదనముగా ఖర్చు లేదు. అడుగుటకు మనసు కావలెను, అంతే.

చూపును మనము హద్దులో నుంచినను, మన కన్నును ఇతరులు అపహరింపగలరు. 2016లో మిరాయి అను పాపపు ప్రోగ్రాము, తయారుచేసినవారు పెట్టిన పాస్‌వర్డును మార్చని లక్షలాది కెమెరాలను, తత్తుల్య యంత్రములను వశము చేసికొని అమెరికాలో ఇంటర్నెట్టునే స్తంభింపజేసినది. 2025లో గుజరాతులోని ఒక ప్రసూతి వైద్యశాల కెమెరాల దృశ్యములు బజారున అమ్ముడుపోయినవి. అక్కడ గూడ ఎవరైన ఊహింపగల పాస్‌వర్డే దొంగలకు తాళపుచెవి అయినది. కేంద్రప్రభుత్వము 2024లో ఉత్తర్వు చేసి, 2025 ఏప్రిలునుండి ఇట్టి కెమెరాలకు భద్రతా పరీక్షయు ధ్రువపత్రమును ఉండవలెనన్నది, కొనునప్పుడు ఎస్.టి.క్యు.సి. ధ్రువీకరణ యున్నదా యని అడుగుట మంచిది. అమర్చిన కుఱ్ఱవాడు వెళ్లిన వెంటనే పాస్‌వర్డు మార్చుటయు మంచిది. ఇంటి తాళపుచెవిని మేస్త్రీ చేతిలో వదలి గృహప్రవేశము చేయువారున్నారా?

ఈ ప్రశ్న అన్ని ఊళ్లకును ఉన్నదే. అయినను మన ఊరికి దీనియందు మరియొక ముడి కలదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోయినవి. బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నాటి వాదప్రతివాదములు ఎంత వేడిగా సాగినను, మరునాటి ఉదయము పాలు పోసినవారు, బావిలో చేద వేసినవారు, రాత్రి జ్వరము వచ్చిన బిడ్డకు వైద్యుని పిలుచుకొని వచ్చినవారు ఆ పొరుగువారే. బళ్లారి రాఘవ తెలుగు రంగస్థలమునకు వన్నె తెచ్చి కన్నడమునను ఇంగ్లీషునను నటించినది ఈ వీథులవాడగుటచేతనే. ఇంటిలో తెలుగు, వీథిలో కన్నడము, అంగడిలో ఉర్దూ కలిసిన మాట మాటలాడుచు మూడు తరములు గడపిన మనకు, పొరుగువాని కన్నే మొదటి కావలి. మనము ఊరిలో లేనప్పుడు ‘ఎవరు మీరు? ఇంటివారు లేరు’ అని గేటుకడ నిలిచినవానిని కన్నడములో గద్దించినది ఆ ఎదుటింటి అవ్వయే. ఆమె గుమ్మమునే గురిచూచి కెమెరా బిగించిననాడు ఆమె ఏమనుకొనును? ‘వీరికి నామీదనే అనుమానము’ అనుకొనును. మాటాడదు. తరువాత గేటుకడ ఎవరు నిలిచినను ఆమె గద్దింపదు. ఒక కన్నును కొని వేరొక కన్నును పోగొట్టుకొన్న బేరమగును అది. అనుమానము మౌనముగా నుండునప్పుడు దానికి భాషాభేదము, మతభేదము వచ్చి తోడగును. ఇద్దరి మధ్య నున్న చిన్న మాట రెండు కులముల, రెండు భాషల మాటగా పెరుగుట మనము చూడనిది కాదు.

అందుచేత బిగించుటకు ముందే ఆ ఇంటికి పోయి, వారి భాషలోనే చెప్పుట, బిగించిన తరువాత పిలిచి ‘చూడండి, మీ గుమ్మము ఇందులో పడుట లేదు’ అని సెల్‌ఫోనున బొమ్మ చూపుట మర్యాద. వారి సొత్తు పోయిననాడు మన కెమెరాలోని దృశ్యము వారికిని పనికివచ్చునని చెప్పుటయు మర్యాదయే. మూడు నాలుగు ఇండ్లవారు కూడబలుకుకొని వీథి మొగదల ఒక్క కెమెరా పెట్టుకొని, దృశ్యము ఎవరు, ఎప్పుడు, ఎందుకు చూడవచ్చునో ముందుగా ఒప్పందము చేసికొన్నచో ఇంకను మేలు. తలారి ఊరికి జవాబు చెప్పినట్లు ఆ కన్ను వీథికి జవాబు చెప్పును.

పనివారి మాట గూడ చెప్పవలెను. ఇంటిలో ఉంగరము కనబడనిచో మొదట అనుమానము పడునది అంట్లు తోము ఆమెమీదనే. కెమెరా ఆమెను ఎన్నో పర్యాయములు నిర్దోషిగా నిలుపగలదు. ఈ మేలు కాదనరాదు. కాని ఆమె పెరటిలో గిన్నెలు తోముచుండగా, చీరకుచ్చిళ్లు ఎగదోపి వంగి పనిచేయుచుండగా, ఆ దృశ్యము బెంగుళూరిలో ఎవరి సెల్‌ఫోనునకు పోవుచున్నదో ఆమెకు చెప్పినవారెందరు? కెమెరా ఉన్నదని, ఎక్కడికి చూచుచున్నదని ఆమెకు చెప్పుట యజమాని దయ కాదు, ఆమెకు చెల్లవలసిన బాకీ.

ఈ వ్యాసమున మాకు అన్నింటికంటె కష్టముగా తోచినది పరులనుగూర్చిన భాగము కాదు, మన తల్లిదండ్రులనుగూర్చినది. ఒకే ఇంటిలో నివసించువారిలో ఒకరు తక్కినవారి సమ్మతి లేక వారి నివాసభాగమున కెమెరాలు నడుపరాదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పగా, సుప్రీముకోర్టు ఆ తీర్పులో జోక్యము చేసికొనలేదు. అది తగవులాడుకొన్న అన్నదమ్ముల వ్యవహారము. ప్రేమతో పెట్టిన కెమెరా సంగతి యేమి? దూరదేశముననున్న కుమారుడు సెలవులకు వచ్చి, వరండాలో ఒకటి, పెరటిలో ఒకటి బిగించి పోవును. అందులో దురుద్దేశము రవ్వంతయు లేదు. తండ్రి జారిపడునేమోనని వాని భయము. కాని ఆ తండ్రి డెబ్బదియేండ్లు ఆ వరండాకు యజమాని. మధ్యాహ్నము పంచె మోకాళ్లపైకి లాగుకొని కునుకు తీయుట, వైద్యుడు వలదన్న బజ్జీని వీథిలో కొని తెచ్చుకొని కూర్చుండి తినుట, భార్య చనిపోయిన తరువాత ఆమె కూర్చుండిన చోట ఒంటరిగా కూర్చుండి కంట తడిపెట్టుకొనుట, ఇవి ఆయన సొంత ఆస్తి. గోడలోనుండి హఠాత్తుగా ‘నాన్నగారూ, మందు వేసికొన్నారా?’ అను గొంతు వినబడినప్పుడు ఆయన ఉలికిపడి పంచె సర్దుకొనును. కుమారునికి అది ఆప్యాయత. తండ్రికి అది తన యింటనే తాను అతిథియైన క్షణము.

ఈ చిక్కునకు మాకు తోచిన దారి ఒక్కటే. వరండాలోని కెమెరాకు గోడమీద ఒక స్విచ్చి పెట్టించి, దానిని ఆ పెద్దాయనకు అందు ఎత్తున అమర్చవలెను. గేటును చూచునది రాత్రింబవళ్లు పనిచేయుగాక. ఆయనను చూచునది మాత్రము ఆయన ఇష్టము. మధ్యాహ్నము రెండు గంటలు అది ఆగిపోయినచో కుమారుడు కంగారుపడి ఫోను చేయును. చేయనిండు. రెండు మాటలు ఎక్కువ మాటలాడుదురు.